రెండు నదుల మధ్య ఊరు, పన్నెండు మెట్లు

గోండ్‌పిప్రిలో తాగుడు సంగతి మాట్లాడాలంటే ముందు ఆ ఊరు ఎక్కడుందో చూడాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు దక్షిణపు కొసన, రెండు నదుల నడుమ ఉంటుంది ఈ తాలూకా. తూర్పున వైన్‌గంగ. ఆష్టి దగ్గర వంతెన దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడ 1993 నుంచీ మద్యనిషేధం. నైరుతి వైపు వార్ధా నది. పోడ్సా దగ్గర వంతెన దాటితే తెలంగాణలోని సిర్పూర్ (టి) మండలం. అక్కడ ప్రభుత్వమే లాటరీ తీసి వైన్ షాపులకు లైసెన్సులిస్తుంది. ఇంకాస్త దిగువన ఈ రెండు నదులూ కలిసి ప్రాణహిత అవుతాయి.

మధ్యలో ఉన్న గోండ్‌పిప్రి రెండు అవతారాలూ ఎత్తింది. 2015 మార్చి 31 దాకా దుకాణాలు తెరిచే ఉన్నాయి. ఏప్రిల్ 1 నుంచి చంద్రపూర్ జిల్లా మొత్తం నిషేధం. 2021 మే 27న రాష్ట్ర మంత్రివర్గం దాన్ని ఎత్తేసింది, జులైకల్లా షట్టర్లు లేచాయి. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద నిద్రలేచే మనిషి 2015 దాకా దుకాణానికి కస్టమరు, ఆ తర్వాత ఆరేళ్ళు నేరస్థుడు, 2021లో మళ్ళీ కస్టమరు. చట్టం రెండుసార్లు రంగు మార్చింది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుంటే వణికే అతని చేతులకు ఆ సంగతేమీ తెలియదు.

ఈ ప్రాంతంలో మందు గురించి ఎక్కడ చర్చ జరిగినా అది దుకాణం చుట్టూనే తిరుగుతుంది. ఉండాలా, మూయాలా? ఆదాయం ఎంత, దొంగసరుకు ఎంత? మానేద్దామని లోలోపల అనుకుంటున్న మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అతనికి ఎవరైనా 'పన్నెండు మెట్లు' అనే దారి ఉందని చెబితే, వెంటనే పక్కనుంచి నాలుగు మాటలు వస్తాయి: అది కిరస్తానీల వ్యవహారం, అది పట్నపోళ్ళ సోకు, అక్కడికి వెళితే చేతులు కట్టేసి కొడతారు, ఏడుస్తూ కథలు చెప్పుకుంటారంతే. ఈ నాలుగు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. దుకాణం మూయించినవాళ్ళు అమాయకులేమీ కాదు. చంద్రపూర్ నిషేధం సర్కారు దయతో వచ్చింది కాదు. పారోమితా గోస్వామి నాయకత్వంలోని శ్రమిక్ ఎల్గార్ సంస్థ వెంట 2010 డిసెంబరులో ఆడవాళ్ళు చిమూర్ నుంచి నాగపూర్‌కు, అసెంబ్లీ శీతాకాల సమావేశాల దగ్గరికి కాలినడకన వెళ్ళారు. పంచాయతీలు తీర్మానాలు చేశాయి. మన దూబగుంట కథకూ దీనికీ చుట్టరికం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాష్ట్రమంతా సారా నిషేధం 1993 అక్టోబరులో వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది, 1997లో అది పోయింది. చంద్రపూర్‌ది ఆరేళ్ళ కథ, ఆంధ్రప్రదేశ్‌ది రెండేళ్ళ పైచిలుకు కథ. రెండు చోట్లా ఎత్తేసేటప్పుడు ప్రభుత్వాలు చెప్పిన కారణాలు ఇంచుమించు ఒకటే: దొంగసారా పెరిగింది, ఖజానాకు గండి పడింది.

ఆ ఆడవాళ్ళ కోపంలో తప్పు లేదు. కూలి డబ్బు ఇంటికి రాకుండా అడ్డుపడుతున్న దుకాణాన్ని మూయమన్నారు. కానీ దుకాణం మూసిన మర్నాడు మొదలయ్యే సమస్య ఇంకొకటుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ తాగిన ఒళ్ళు, ఆ రోజు నుంచి ఏం చెయ్యాలి? దానికి చట్టంలో సెక్షను లేదు. నది దాటడం, ఇప్పపువ్వు కాచుకోవడం, చాటుగా దేశీదారు తెప్పించుకోవడం — ఒంటికి తెలిసిన జవాబులు ఇవే.

ఒంటి సంగతి ఎందుకంత ముఖ్యమో ఒక ఉదయం జరిగిన చిన్న సంఘటన చెబుతుంది. 1935 జూన్ 10. అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, అక్రన్ పట్టణం. డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ ఆ రోజు ఆపరేషన్ చెయ్యాలి. చేతులు వణుకుతున్నాయి. ఆయన ఇంట్లో ఉంటున్న బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ మార్కెట్ మనిషి ఆయన చేతిలో ఒక బీరు సీసా పెట్టాడు, వణుకు తగ్గడానికి. బిల్ తాను మానేసి అప్పటికి ఆరు నెలలు. నెల కిందట వ్యాపారం దెబ్బతిని, హోటల్లో ఒంటరిగా, బార్ వైపు కాళ్ళు లాగుతుంటే, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని తోచి వెతుక్కుంటూ వచ్చి బాబ్‌ని కలిశాడు. ఆ బీరే డాక్టర్ బాబ్ తాగిన ఆఖరి మందు. 1950లో చనిపోయేదాకా మళ్ళీ ముట్టలేదు. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కేస్తారు. పొట్టిగా 'ఏఏ'. నాలుగేళ్ళ తర్వాత 1939లో తమ అనుభవాన్ని పన్నెండు మెట్లుగా రాసి పుస్తకం వేశారు. మనదేశానికి ఏఏ 1957లో వచ్చింది.

మందు మాన్పించే ఉద్యమం పుట్టిన రోజున మొదటి పని చేతికి మందివ్వడం! వినడానికి వింతే. కానీ వైద్యం తెలిసినవాళ్ళకు ఇందులో వింత లేదు.

రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు ఎదురుతిరుగుతుంది. మొదటి కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రలేమి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులు దాటేసరికి ఇంకొందరికి మతి భ్రమిస్తుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, మంచం మీంచి లేచి పరిగెడతారు. ఊళ్ళో దీన్ని గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడం మామూలే. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మందులూ, థయామిన్ అనే బి1 విటమినూ ఇచ్చి దగ్గరుండి చూసుకుంటే చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు.

తెలంగాణ ఈ దృశ్యాన్ని ఒకసారి టోకున చూసింది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కరోజులో మూతపడ్డాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు వరసలు కట్టారు జనం. వణికేవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, పిచ్చిపిచ్చిగా మాట్లాడేవాళ్ళు. కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్ళ అవస్థ ఇంకా ఘోరం. ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు అది. పేరుకు కల్లు, ఒంటికి అలవాటైంది మాత్రం నిద్రమాత్ర.

అందుకే పన్నెండు మెట్ల గురించి ఉన్న అపోహల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే: మీటింగుకు వెళితే చాలు, డాక్టరు అక్కర్లేదు. ఏఏ ఆ మాట ఎన్నడూ అనలేదు. సభ్యుడెవరూ డాక్టరు పాత్ర వెయ్యకూడదని వాళ్ళ సాహిత్యంలోనే ఉంది. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటే 'నువ్వు నిజంగా మానలేదు' అని ఎగతాళి చేసే సభ్యులు అక్కడక్కడా ఉంటారు. అది ఆ మనిషి అజ్ఞానం, ఆ సంఘం నియమం కాదు. మెట్లు ఒళ్ళు కుదుటపడ్డాక మొదలవుతాయి. వణుకు తగ్గించడం ఆసుపత్రి పని. వణుకు తగ్గిన నెలకు, పెళ్ళి భోజనాల దగ్గర, బావమరిది గ్లాసు చేతికిచ్చి 'ఒక్కటే కదా' అన్నప్పుడు ఏం చెయ్యాలన్నది మీటింగు పని.

మాత్రల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పుకోవాలి. 'మీ వారికి తెలియకుండా అన్నంలో కలపండి, తాగుడు మానతారు' అనే ప్రకటనలు చూడనివాళ్ళు ఉండరు. బస్టాండు గోడల మీద, పేపరు చివరి పేజీలో. అలా రహస్యంగా కలిపేవాటిలో డైసల్ఫిరామ్ ఉండే అవకాశం ఉంది. 1940ల చివర్లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు దాన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి, ఆ తర్వాత మందు తాగితే మొహం కందిపోయి గుండె దడదడలాడటం గమనించారు. మందుబాబుల చికిత్సకు అది అలా వచ్చింది. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పినట్టు వేసుకుంటే అది పనికొచ్చే మాత్రే. తెలియకుండా పెడితే, అతను మామూలుగానే క్వార్టరు తాగుతాడు. బీపీ పడిపోవచ్చు, గుండెకు ముప్పు రావచ్చు. మానిపించబోయి మనిషినే పోగొట్టుకోవడం ఏ ఆడకూతురూ కోరుకోదు. కానీ అమ్మేవాడు ఆమెకు ఆ సంగతి చెప్పడు.

ఇక మతం. ఈ అపోహకు పునాది లేకపోలేదు. పన్నెండు మెట్లలో దేవుడి పేరు పలుమార్లు వస్తుంది. బిల్, బాబ్ ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నుంచి కొన్ని పద్ధతులు తెచ్చుకున్నారు. మన నగరాల్లో మీటింగులు తరచు చర్చి హాళ్ళలోనో మిషనరీ స్కూళ్ళలోనో జరుగుతాయి, అద్దె తక్కువ కాబట్టి. చూసేవాడికి అనుమానం రావడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో కూడా ఈ గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. ఖైదీలను బలవంతంగా ఈ మీటింగులకు పంపడం మతస్వేచ్ఛకు విరుద్ధమని 1996లో అక్కడి కోర్టులు తీర్పులిచ్చాయి. కాబట్టి 'దేవుడి ఊసే లేదు' అని బుకాయించడం కూడా అబద్ధమే అవుతుంది.

అయితే ఆ పుస్తకం రాసేటప్పుడే గుంపులో నాస్తికులు ఉన్నారు. వాళ్ళు పట్టుబట్టబట్టే 'ఎవరికి తోచిన రూపంలో వారి దేవుడు' అన్న అర్థం వచ్చేలా మాట మార్చారు. 'మనకన్నా పెద్దదైన శక్తి' అన్న మాటా అలాగే చేరింది. ఆ పెద్ద శక్తి ఏదైనా కావచ్చు. కొందరికి వెంకన్న, కొందరికి అల్లా, గోండుల్లో ఒకరికి పెర్సాపేన్. ఏ దేవుణ్ణీ నమ్మనివాడికి ఆ గదిలో కూర్చున్న పదిమందే ఆ శక్తి. వాదన కన్నా ఆచరణ చూడాలి: మీటింగులో మతం అడగరు, కులం అడగరు, ఇంటిపేరు అసలే అడగరు. సభ్యత్వానికి ఒక్కటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలని కూడా లేదు, మానాలనుకుంటే చాలు.

మొదటి మెట్టు వినగానే మనవాళ్ళకు కోపం వస్తుంది. 'మందు ముందు మేం నిస్సహాయులం' అని ఒప్పుకోవాలంటుంది అది. మగాడన్నాక అలా చేతులెత్తేస్తాడా? మనసు గట్టిగా ఉంటే ఎందుకు మానలేడు? ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తమ చుట్టూ ఒకసారి చూడాలి. గట్టి మనసుకు మన ఊళ్ళలో కరువేం లేదు. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవాళ్ళు ఎంతమంది! కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్ళు ఎంతమంది! చల్లనీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. ఇంతటి నిగ్రహం చూపిన మనిషికి సంకల్పబలం లేదని ఎవరనగలరు? అదే మనిషి శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం ఎక్కడుంటాడో ఇంట్లోవాళ్ళకు తెలుసు.

మాల ఎందుకు పనిచేస్తుందో గమనిస్తే పన్నెండు మెట్లు సగం అర్థమైనట్టే. మాలలో ఉన్నవాడు ఒంటరివాడు కాదు. గురుస్వామి ఉంటాడు. తోటి స్వాములు ఉంటారు. రోజూ సాయంత్రం పడిపూజకో భజనకో కలుస్తారు. అతన్ని ఎవరూ తాగమని బలవంతపెట్టరు, నల్లబట్టలు చూసి పక్కకు తప్పుకుంటారు. పేరు కూడా మారిపోయి అందరికీ 'స్వామీ' అవుతాడు. నలభై ఒకటో రోజున ఇవన్నీ ఒకేసారి మాయమవుతాయి. గురుస్వామి తన ఇంటికి, తోటి స్వాములు తమ ఇళ్ళకు. పన్నెండు మెట్ల పద్ధతి చేసేదల్లా ఆ చుట్టూ ఉన్న మనుషులను తీసెయ్యకుండా ఉంచడం. గురుస్వామి స్థానంలో స్పాన్సర్ ఉంటాడు, తనకన్నా ముందు మానేసిన మనిషి. రాత్రి పదకొండింటికి నాలుక పీకినప్పుడు ఫోన్ చెయ్యడానికి. జీవితాంతం మానతానని ఒట్టు వెయ్యమని ఎవరూ అడగరు. ఈ ఒక్కరోజు మానితే చాలంటారు. రేపటి సంగతి రేపు.

చేతులెత్తెయ్యడం అన్నది మొదటి మెట్టుతోనే అయిపోతుంది. అక్కడే ఆగినవాళ్ళు చేసే విమర్శ ఏమిటంటే, తాగుడు జబ్బు అని చెప్పి చేసిన పాపాలన్నీ జబ్బు మీదకు తోసేస్తారని. నాలుగో మెట్టుకు వస్తే తెలుస్తుంది సంగతి. తన గుణదోషాలన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఐదో మెట్టులో దాన్ని ఇంకొక మనిషికి చదివి వినిపించాలి. ఎనిమిదో మెట్టులో తన వల్ల నష్టపోయినవాళ్ళ జాబితా తయారుచెయ్యాలి. తొమ్మిదిలో వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిదిద్దుకోవాలి, అలా వెళ్ళడం వల్ల వాళ్ళకు మళ్ళీ హాని జరగదు అనుకున్నప్పుడే. కిరాణా కొట్టు బాకీ, పెళ్ళాం పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి, అన్నతో మాటలు ఆగిపోయిన కారణం, ఇవన్నీ ఆ జాబితాలోకి వస్తాయి. 'సారీ' అని నోటితో అంటే సరిపోదు. పుస్తెలు విడిపించాలి. నిస్సహాయుణ్ణని కూర్చునేవాడికి ఈ పని సాగదు.

డబ్బు గురించిన అపోహ ఇంకో రకం. తెలుగు రాష్ట్రాల్లో, మహారాష్ట్రలో 'డీ అడిక్షన్ సెంటర్' బోర్డులు చాలా కనిపిస్తాయి. కొన్ని మంచివి. కొన్నిచోట్ల మనిషిని ఇంటినుంచి బలవంతంగా ఎత్తుకెళ్ళి గదిలో పెట్టి, కొట్టి, నెలల తరబడి డబ్బు గుంజుతారు. ఆ గోడ మీద కూడా పన్నెండు మెట్లు ఫ్రేము కట్టి తగిలిస్తారు. దాంతో చూసినవాడు ఆ దెబ్బలకూ ఈ మెట్లకూ లంకె పెట్టేస్తాడు. ఏఏకి ఆసుపత్రి లేదు, వార్డు లేదు, ఫీజు లేదు. మీటింగు చివర ఒక టోపీయో డబ్బాయో తిరుగుతుంది, సభ్యులు తోచినంత వేస్తారు, అది టీకీ అద్దెకీ సరిపోతుంది. బయటివాళ్ళు విరాళం ఇస్తామన్నా తీసుకోరు. ఈ నియమం వెనక ఒక కోటీశ్వరుడున్నాడు. 1930ల చివర్లో బిల్, అతని మిత్రులు పెద్ద పెద్ద ఆసుపత్రులు కట్టాలని కలలుగని జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన మెచ్చుకుని, ఎక్కువ డబ్బిస్తే ఇది చెడిపోతుందని భయపడి, అయిదు వేల డాలర్లతో సరిపెట్టాడు. అప్పట్లో వాళ్ళు నిరాశపడే ఉంటారు. తర్వాత అదే సిద్ధాంతమైంది.

మెట్లను చికిత్సలో కలుపుకున్న పద్ధతైన కేంద్రాలకు మన దగ్గర మంచి చరిత్రే ఉంది. మద్రాసులో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, అమెరికాలో శిక్షణ పొంది వచ్చి 1980లో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. మహారాష్ట్రలోనైతే 1986లో పుణేలో అనిల్ అవచట్, సునందా అవచట్ దంపతులు ముక్తాంగణ్ మొదలుపెట్టారు. గోండ్‌పిప్రికి ఇంకా దగ్గర, వైన్‌గంగ అవతలి ఒడ్డున, డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్‌ల 'సర్చ్' సంస్థ, ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి 2016లో 'ముక్తిపథ్' కార్యక్రమం చేపట్టాయి. నిషేధం ఉన్న జిల్లాలోనే దాని అవసరం పడింది, గమనించాలి. ఊళ్ళలో శిబిరాలు, తాలూకా కేంద్రాల్లో క్లినిక్కులు. ఇరవై మూడేళ్ళ నిషేధం తర్వాత కూడా మానాలనుకునే మనిషికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది.

ఇంతకీ ఈ పద్ధతి పనిచేస్తుందా? చాలాకాలం దీనికి గట్టి జవాబు లేదు. అనానిమస్ సంఘంలో హాజరుపట్టీ ఉండదు, లెక్క తేల్చడం కష్టం. మానాలని గట్టిగా అనుకున్నవాళ్ళే వస్తారు కాబట్టి ఫలితం వాళ్ళదా, మీటింగుదా అన్న సందేహం ఉండనే ఉంది. అమెరికాలో 1,726 మంది రోగులతో జరిగిన 'ప్రాజెక్ట్ మ్యాచ్' ఫలితాలు 1997లో వచ్చాయి. పన్నెండు మెట్ల వైపు నడిపించే చికిత్స, మిగతా రెండు ప్రసిద్ధ మానసిక చికిత్సలకు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. 2006లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా ఉన్న ఆధారాలు చూసి, ఖాయంగా చెప్పలేమంది. అదే సంస్థ 2020లో 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు చూసి మాట మార్చుకుంది. ఏడాది పాటు పూర్తిగా మానేసినవాళ్ళు మెట్ల పద్ధతిలో వందకు 42 మంది, ఇతర చికిత్సల్లో 35 మంది. తేడా ఉంది, అద్భుతం లేదు. వందలో 58 మంది ఏడాదిలోపు ఎప్పుడో ఒకప్పుడు తాగారన్నది కూడా అదే లెక్క చెబుతోంది. 'నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ' అని ఎవరైనా అంటే, అతను మందు అమ్మేవాడికన్నా ఏమంత మెరుగు కాడు.

ఆ 58 మందిని ఏం చెయ్యాలి? మన ఇళ్ళలో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. మూడు నెలలు మానేసి ఒకరోజు తాగి వచ్చినవాణ్ణి చూసి 'వీడింక బాగుపడడు' అంటారు. పత్తి చేను ఒక ఏడు ఎండిపోతే వ్యవసాయం మానేసిన రైతు ఈ ప్రాంతంలో ఎవరూ లేరు. ఆ లెక్కన తాగుబోతుకు మాత్రం ఒక్క పంటే ఎందుకు? మీటింగులో అయితే మళ్ళీ తాగి వచ్చినవాణ్ణి గెంటరు. మళ్ళీ మొదటిరోజు నుంచి లెక్క మొదలుపెడతాడు. మూడు నెలలు నిలిచిన అనుభవం ఎక్కడికీ పోదు. చాలామంది రెండో మూడో సారికి కుదురుకుంటారు.

ఇంట్లో ఆడవాళ్ళ మాట ఎక్కడుంది ఇందులో? బిల్ భార్య లోయిస్ ఈ ప్రశ్న ముందే అడిగింది. భర్తలు లోపల మీటింగులో ఉంటే భార్యలు బయట ఎదురుచూస్తూ తమలో తాము మాట్లాడుకునేవారు. వాళ్ళకూ ఒక మీటింగు కావాలని 1951లో అల్-అనాన్ మొదలైంది. అక్కడ నేర్పేది భర్తను మాన్పించే కిటుకు కాదు. అతని బదులు యజమానికి అబద్ధం చెప్పడం, అతని అప్పు తీర్చడం, అతను పడిపోతే మోసుకొచ్చి మంచం మీద వెయ్యడం, ఇవన్నీ ఎంతవరకు తన పని, ఎక్కడినుంచి కాదు అన్నది. చిమూర్ నుంచి నాగపూర్‌కు నడిచిన ఆడవాళ్ళు దుకాణం సంగతి తేల్చారు. ఇంట్లో ఉన్నవాడి సంగతి ఎవరితో తేల్చుకోవాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

గోండ్‌పిప్రిలాంటి చోట నిజంగా అడ్డొచ్చేది అపోహ కన్నా పరువు. ఆ పరువు లెక్క కూడా విచిత్రమైనది. ఫలానా ఆయన తాగుతాడని మరాఠీ, తెలుగు, గోండి మూడు భాషల్లోనూ ఊరంతా చెప్పుకుంటుంది. సందులో పడిపోయినప్పుడు చూడనివాడు లేడు. మానడానికి మీటింగుకు వెళుతున్నాడంటే మాత్రం సిగ్గు! 'అనానిమస్' అన్న మాటకు అర్థం రహస్య ముఠా అని అనుకునేవాళ్ళూ ఉన్నారు. అక్కడ చెప్పింది అక్కడే ఉంచడం, పత్రికల్లో సభ్యుడిగా పేరు వేసుకోకపోవడం, అంతే దాని అర్థం. బిల్ విల్సన్‌కు 1954లో యేల్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తానంటే వద్దన్నాడు. పేరు పైకి వస్తే తల బరువెక్కుతుందని అతని భయం. 1971లో చనిపోయాకే అతని పూర్తి పేరు లోకానికి తెలిసింది.

ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో విడుదల చేసిన సర్వేలో ఒక అంకె ఉంది. మనదేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరు. ఈ అంకె ముందు మెట్లు మేలా, మాత్రలు మేలా, కౌన్సెలింగు మేలా అన్న వాదన చిన్నబోతుంది. మిగతా 37 మందికి ఏదీ అందడం లేదు.

హైదరాబాదులోనో నాగపూర్‌లోనో మీటింగు దొరకడం కష్టం కాదు. తాలూకా కేంద్రంలో దొరక్కపోవచ్చు. ఏఏ నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది: మానాలనుకునే ఇద్దరు ముగ్గురు తాగుబోతులు ఒకచోట కూర్చుంటే అదే ఒక గ్రూపు. అక్రన్‌లో మొదట కూర్చున్నదీ ఇద్దరే. పొద్దున్నే చేతులు వణికే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపించకుండా ముందు డాక్టరుకు చూపించండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే వ్యసన విముక్తికి ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ నంబరు 14416. రెండింటికీ ఖర్చు లేదు.